హార్మోన్ల కోసం పెంచే చూడి గుర్రాల బాగోగులను అంచనా వేయడం ఎలా?

చూడి గుర్రాల మూత్రం నుంచి, రక్తం నుంచి హార్మోను మందులు తయారుచేసే వ్యాపారంపై వివాదం రేగిన ప్రతిసారీ, ఇది క్రూరత్వమని ఒకరు, అంతా పశువైద్యుల పర్యవేక్షణలోనే సాగుతున్నదని మరొకరు వాదిస్తారు. ఈ వాదనల నడుమ అసలు గుర్రం ఎలా ఉన్నదో తేల్చుకోదలచినవారు, అంటే ఆ మందు వేసుకుంటున్న స్త్రీ గాని, గొర్రెలనో పందులనో పెంచే రైతు గాని, ఈ విషయంపై రాయబోయే విలేకరి గాని, ఏమేమి అడగాలో, ఏమేమి చూడాలో చెప్పడానికే ఈ వ్యాసం. నా దృష్టిలో ఎన్ని లీటర్ల రక్తం తీశారన్న లెక్క ఎంత అవసరమో, తీసే ఆ పది నిమిషాల్లో గుర్రం ఎంత భయపడిందన్నది కూడా అంతే అవసరం. అధికారిక పత్రాల్లో మొదటిది దొరుకుతుంది, రెండోది సాధారణంగా దొరకదు.

ముందుగా ఏ హార్మోను గురించి మాట్లాడుతున్నారో తెలుసుకోవాలి, ఎందుకంటే ఇవి రెండు వేర్వేరు వ్యాపారాలు. ఒకటి మూత్రంతో నడిచేది. గర్భంలోని పిల్ల బీజకోశాలు తయారుచేసే ముడిపదార్థాన్ని మాయ ఈస్ట్రోజెన్లు అనే స్త్రీ హార్మోన్లుగా మారుస్తుంది. అవి నీటిలో కరిగే రూపంలో తల్లి మూత్రంలోకి వస్తాయి. బహిష్టులు ఆగిన స్త్రీలకు ఇచ్చే ప్రెమరిన్ మాత్ర ఇలా తయారవుతుంది. ప్రెగ్నెంట్ మేర్స్ యూరిన్ (చూడి గుర్రాల మూత్రం) అన్న మాటల ముక్కలతోనే దానికి ఆ పేరు పెట్టారు. అది 1941లో కెనడాలో, 1942లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దానికి మూత్రం సేకరించే పశుశాలలు ప్రధానంగా కెనడాలోని మానిటోబా, సస్కాచెవాన్, అల్బెర్టాల్లోను, అమెరికాలోని నార్త్ డకోటాలోను వెలిశాయి. రెండోది రక్తంతో నడిచేది. చూడి కట్టిన దాదాపు 40వ రోజు నుంచి 120, 130వ రోజు వరకు గుర్రం గర్భాశయంలో ఏర్పడే ప్రత్యేక కణజాలం పిఎంఎస్‌జి అనే హార్మోనును స్రవిస్తుంది; దీన్నే ఇసిజి అని కూడా అంటారు. ఇది పెద్ద అణువు కావడంతో మూత్రంలోకి దాదాపు రాదు, కాబట్టి రక్తమే తీయాలి. ఐస్‌లాండ్, అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల్లో ఈ పని సాగుతున్నది; ఆ మందును ఆడపందులను, గొర్రెలను, ఆవులను ఒకేసారి ఎదకు తెప్పించడానికి వాడతారు.

మందు పెట్టె మీది అక్షరాలు చూస్తే ఈ తేడా తేలిపోతుంది. కాంజుగేటెడ్ ఈక్విన్ ఈస్ట్రోజెన్లు అనో, గుర్రపు ఈస్ట్రోజెన్లలో ఒకటైన ఈక్విలిన్ అనో ఉంటే అది గుర్రపు మూత్రం నుంచి వచ్చినదని అనుకోవచ్చు. అయితే కాంజుగేటెడ్ అన్న ఒక్క మాట చాలదు, మొక్కల పదార్థాల నుంచి కృత్రిమంగా చేసినవి కూడా ఆ పేరుతో ఉన్నాయి. పశువుల మందుపై పిఎంఎస్‌జి, ఇసిజి, సీరం గొనడోట్రోపిన్ అన్న మాటల్లో ఏది కనిపించినా అది గుర్రం రక్తానికి సంబంధించినదే కావచ్చు; అది సహజమైనదా, ప్రయోగశాలలో కణాల ద్వారా చేసినదా అని అమ్మేవారిని అడగాలి, ఎందుకంటే రెండో రకమూ ఇప్పుడు ఉన్నది.

రక్తం విషయంలో లెక్క ఎవరికి వారు వేసుకోదగినదే. ఐస్‌లాండ్ గుర్రం చిన్నది. 360 కిలోలు తూగే గుర్రానికి, కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున, ఒంట్లో సుమారు 27 లీటర్ల రక్తం ఉంటుంది. అక్కడ వారానికి ఒకసారి 5 లీటర్ల వరకు, ఒక చూడి కాలంలో 8 సార్ల వరకు తీయడం అమలులో ఉన్న పద్ధతి. ఒక్కసారి తీసే 5 లీటర్లు దాని రక్తంలో ఐదో వంతుకు కాస్త తక్కువ, మొత్తం 40 లీటర్లంటే దాని ఒంట్లో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. ప్రయోగశాల జంతువులకు విరివిగా పాటించే మార్గదర్శక సూత్రం ప్రకారం ఒంటి రక్తంలో 7.5 శాతం తీసినా కోలుకోవడానికి ఒక వారం ఇవ్వాలి. పైగా ఈ గుర్రాల్లో చాలావాటి పొదుగు కింద ఆ ఏడాది ఈనిన పిల్ల పాలు తాగుతూ ఉంటుంది. కడుపులో మరో పిల్ల, పొదుగులో పాలు, మెడ నుంచి రక్తం, మూడూ ఒకే ఒంటి నుంచి ఒకే కాలంలో పోతున్నాయి. అందువల్ల గుర్రం బరువెంత, ప్రతి విడత ముందు ఎర్రకణాల శాతం చూశారా, ఏ అంకె దాటితే ఆ గుర్రాన్ని వదిలేస్తారు అన్న మూడు ప్రశ్నలూ తప్పకుండా అడగండి. సమాధానంలో సగటు అంకెలు మాత్రమే వస్తే, అన్నిటికంటే బక్కగా ఉన్న గుర్రం సంగతేమిటని మళ్లీ అడగండి.

ఇక గుర్రాన్ని చూడడం. వీడియో చూస్తున్నా, స్వయంగా నిలబడి చూస్తున్నా, చూపు సూది మీద కాక అంతకు ముందరి నిమిషం మీద ఉండాలి. ఏడాదిలో ఎక్కువ భాగం మందతో బయళ్లలో తిరిగి, మనిషి చేయి పెద్దగా ఎరుగని గుర్రాన్ని ఇరుకైన చెక్కబోనులోకి తోలి, వీపు మీదుగా పట్టీ వేసి, తలను తాడుతో పైకి, పక్కకు లాగి కట్టి, మెడ సిరలోకి లావుపాటి సూది గుచ్చుతారు. అప్పుడు కంటి తెల్లగుడ్డు కనబడుతున్నదా, ముక్కుపుటాలు బిగుసుకుని ఉన్నాయా, చెవులు వెనక్కి బిరుసుగా వాలాయా, దవడ కండరం ముడిపడిందా, పొగ వచ్చేంతగా మెడ చెమర్చిందా, పేడ పలచగా పడుతున్నదా అని ఒక్కొక్కటీ గమనించాలి. 2014లో శాస్త్రజ్ఞులు ప్రచురించిన గుర్రపు ముఖకవళికల కొలమానంలో చెవులు, కళ్లు, దవడలు, నోరు, ముక్కుపుటాలే నొప్పికి గురుతులు. వాటిని గుర్తించడం కొద్దిపాటి అభ్యాసంతో ఎవరికైనా వస్తుంది. కదలకుండా నిలబడింది కాబట్టి అలవాటు పడిందన్న మాటను మాత్రం నమ్మకండి. గుర్రం పారిపోయే జంతువు. దారి మూసుకుపోయినప్పుడు అది కొయ్యబారి నిలబడుతుంది. మొదటి వారం ఎలా బోనెక్కిందో, ఐదో వారం ఎలా ఎక్కిందో పోల్చి చూడడం మేలు: తనంతట తాను నడిచివస్తే అలవాటయినట్టు, మరింత గట్టిగా తోలవలసి వస్తే భయం పెరిగినట్టు.

మూత్రం తీసే కొట్టాల్లో చూడవలసినవి వేరు. అక్కడ గుర్రాన్ని చలికాలమంతా, దాదాపు ఆరు నెలలు, ఇరుకు గదిలో కట్టి, వెనుక భాగానికి పట్టీలతో రబ్బరు సంచి వేలాడదీస్తారు. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది గాని, గాఢనిద్రకు పడుకోవలసిందే. కాబట్టి తాడు పొడవు, గది వెడల్పు పక్కకు ఒరిగి కాళ్లు చాపడానికి సరిపోతాయా అని చూడాలి. కాళ్ల కింది భాగాలు వాచి ఉన్నాయా, పట్టీ రాసుకునే చోట వెంట్రుకలు ఊడి పుండు పడిందా, వారానికి ఎన్నిసార్లు ఆరుబయట తిప్పుతున్నారు అన్నవి తరువాతి ప్రశ్నలు. మూత్రం చిక్కగా రావాలని నీళ్లు తక్కువ పెడుతున్నారన్నది ఈ వ్యాపారంపై పాత ఆరోపణ. నీరు ఎప్పుడూ అందుబాటులో ఉంటుందా, గంటల ప్రకారం వదులుతారా అని సూటిగా అడగాలి.

పిల్లల సంగతి చాలామంది మరచిపోతారు. ఏ హార్మోను కావాలన్నా గుర్రం చూడి కట్టాలి, గర్భం నిలిస్తే దాదాపు 11 నెలలకు ఈనుతుంది. అలా పుట్టిన వేలాది పిల్లలకు కొనేవారు చాలరు, అందుచేత వాటిలో పెద్ద భాగం కబేళాకు పోతుంది. రక్తం తీసేవారికి నాలుగో నెల దాటిన గర్భంతో పని లేదు కాబట్టి దక్షిణ అమెరికాలో గర్భస్రావం చేయించి మళ్లీ చూడి కట్టిస్తున్నారన్న ఆరోపణలు 2015లో జర్మనీ, స్విట్జర్లాండ్ జంతుసంక్షేమ సంఘాల పరిశోధనతో బయటికి వచ్చాయి. ఏటా ఎన్ని పుట్టాయి, ఎన్ని అమ్ముడుపోయాయి, ఎన్ని వధకు వెళ్లాయి, ఈనలేని ముసలి గుర్రాలు ఎక్కడికి పోయాయి అన్న లెక్క ఇవ్వని సంస్థ మిగతా విషయాల్లో ఎంత బాగా చెప్పినా ఆ చెప్పింది సగమే.

వీడియోలకు, ప్రకటనలకు ఒకే నియమం వర్తించాలి. 2021 నవంబరులో ఐస్‌లాండ్ పశుశాలల్లో గుర్రాలను కర్రలతో కొట్టే దృశ్యాలు బయటికి వచ్చినప్పుడు, అవి కొద్దిచోట్ల జరిగినవేనా, వ్యవస్థలోనే ఉన్నవా అన్నది వాదన అయింది. ఎక్కడ తీశారు, ఎంత నిడివి, ఎన్ని రోజులు తీశారు అని అడగడం న్యాయమే, అయితే క్లిప్పు చిన్నదైనంత మాత్రాన పడిన దెబ్బ చిన్నది కాదు. చట్టం కదలికను కూడా గమనించాలి. 2022లో ఐస్‌లాండ్‌లో ఈ పనికి ప్రత్యేక నిబంధన తెచ్చారు. 2023లో ఐస్‌లాండ్ సభ్యదేశంగా ఉన్న ఇఎఫ్‌టిఎ (ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య సంఘం) పర్యవేక్షణ సంస్థ, ప్రయోగాల్లో వాడే జంతువుల రక్షణకు ఉన్న 2010/63 ఐరోపా ఆదేశం దీనికి వర్తిస్తుందని అభ్యంతరం చెప్పడంతో ఆ నిబంధనను రద్దు చేశారు. ఆ ఆదేశం కిందకు వస్తే, జంతువు లేకుండా ఆ పని జరగదని ముందుగా చూపించవలసి ఉంటుంది. 2021 అక్టోబరులోనే ఐరోపా పార్లమెంటు పిఎంఎస్‌జి దిగుమతిని, ఉత్పత్తిని ఆపమని కోరింది. సంస్థకు గాని, నియంత్రణాధికారికి గాని ఉత్తరం రాసేవారు మానవత్వం పేరిట వేడుకోవడం కన్నా ఈ ఆదేశాన్ని పేర్కొని, ప్రత్యామ్నాయాలను ఎప్పుడు, ఎవరు పరీక్షించారో చూపమని అడగడం ఎక్కువ పనిచేస్తుంది.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. ప్రెమరిన్ వాడుతున్నవారు దాన్ని తమంతట తాము ఆపకూడదు. గుర్రంతో సంబంధం లేని ఎస్ట్రాడియోల్ మాత్ర, చర్మంపై అంటించే పట్టీ, జెల్‌లలో ఏది తమకు సరిపోతుందో వైద్యులను అడిగి మార్చుకోవాలి. గొర్రెల రైతు పొట్టేళ్లను కొన్ని వారాలు దూరంగా ఉంచి ఒక్కసారిగా మందలోకి వదిలినా గొర్రెలు ఎదకు వస్తాయి. పందుల విషయంలో పాలు మాన్పిన తరువాత రోజూ మగపందిని ఎదురుగా నిలపడం, మేత, వెలుతురు సరిచూడడం అదే పనిచేస్తాయి. వీటికి సూదిమందుకన్నా ఎక్కువ రోజులు, ఎక్కువ చూపు కావాలి. ఒక ఈతకాలం పాటు సగం మందకు సూది వేసి, సగం మందకు వేయకుండా, ఏ గొర్రె ఏ రోజు ఎదకు వచ్చిందో, ఎన్ని పిల్లలు ఈనిందో పుస్తకంలో రాసుకుంటే, ఆ సూది నిజంగా ఎంత అవసరమో రైతుకే తన మందలో తెలుస్తుంది.