గోదావరి లంకల్లో ఇంటికో చిన్న రేడియో: కొనేముందు ఏం చూడాలి?

తుఫాను తీరం దాటే రాత్రి కోనసీమలో ముందు పోయేది కరెంటే. కొబ్బరిచెట్లు తీగల మీద పడతాయి, లేదంటే ముందుజాగ్రత్తగా లైన్లు ఆపేస్తారు. కరెంటుతో పాటే టీవీ, వైఫై పోతాయి. సెల్ టవర్ బ్యాటరీల మీద, డీజిల్ మీద కొంతసేపు నెట్టుకొస్తుంది. దారిలో చెట్లు పడి డీజిల్ రావడం ఆగితే అదీ మూగబోతుంది. 1996 నవంబరు తుఫాను చూసిన పెద్దవాళ్లని అడిగితే, గాలి తగ్గాక కూడా బయట ఏం జరుగుతోందో తెలియక ఎంత టెన్షన్ పడ్డారో చెబుతారు. వరదలో లంక గ్రామాల పరిస్థితీ ఇంతే. కాజ్‌వే మునిగిందంటే మనిషీ రాడు, కబురూ రాదు.

అలాంటప్పుడు రెండు సెల్స్‌తో నడిచే చిన్న రేడియో ఎంత పనికొస్తుందో మాటల్లో చెప్పలేం. అయితే ‘ఎమర్జెన్సీ రేడియో’ అని పేరు పెట్టి అమ్మేదే కొనక్కర్లేదు. రోజూ పొద్దున్న వార్తలకీ పాటలకీ పెట్టుకునే రేడియోనే ఆ రోజూ ఆదుకుంటుంది. అది ఎక్కడ బాగా పలుకుతుందో, సెల్స్ ఎన్నాళ్లొస్తాయో ఇంట్లో అందరికీ అప్పటికే తెలిసి ఉంటుంది మరి.

ముందు మీ ఇంట్లో ఏం పలుకుతుందో చూడండి

షాపుకి వెళ్లేముందు చేయాల్సిన పని ఇది. ఎవరిదైనా రేడియో ఒక్క రోజు అడిగి తెచ్చుకుని, పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి మీ వీధరుగు మీద పెట్టి చూడండి. ఎఫ్ఎంలో ఏవి వస్తున్నాయి, మీడియం వేవ్‌లో (రేడియో మీద MW అనో AM అనో ఉంటుంది) ఏవి వస్తున్నాయి, కాగితం మీద రాసుకోండి.

ఎఫ్ఎం శబ్దం శుభ్రంగా ఉంటుంది కానీ దాని తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. టవర్‌కి దూరం పెరిగేకొద్దీ గరగర మొదలవుతుంది. రాజమండ్రి, కాకినాడ పట్టణాల్లో గట్టిగా వినిపించేది సముద్రం ఒడ్డు ఊళ్లకొచ్చేసరికి నీరసించిపోవచ్చు. మీడియం వేవ్ అలా కాదు, నేలని పట్టుకుని చాలా దూరం వస్తుంది. తడి నేల, ఉప్పునీరు దానికి మంచి దారి. చేలు, కాలువలు, పక్కనే సముద్రం ఉన్న మన డెల్టా అందుకు అనువైన చోటు. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ ఫ్రీక్వెన్సీ 837 కిలోహెర్ట్జ్. అమలాపురానికి విజయవాడ గాలిదారిన సుమారు 140 కిలోమీటర్లు. అంత దూరంలోని స్టేషన్ వల్ల ఇంకో మేలుంది. మన దగ్గర తుఫాను కొట్టినా అక్కడి ట్రాన్స్‌మిటర్ నడుస్తూనే ఉండవచ్చు. రాత్రిపూట మీడియం వేవ్ ఆకాశం మీద పొరల్ని తాకి ఇంకా దూరం పోతుంది కాబట్టి పగలు రాని స్టేషన్లు కూడా వస్తాయి, ఒకదాని మీద ఒకటి పడి గోల కూడా చేస్తాయి. అందుకే మూడు పూటలా చూడమన్నది.

నా మాటగా ఒక్కటే చెప్పమంటే, మీడియం వేవ్, ఎఫ్ఎం రెండూ ఉన్నదే కొనండి. షార్ట్ వేవ్ ఉంటే సరదా, లేకపోయినా లోటేం లేదు.

ఫోన్‌లో రేడియో ఉందిగా అంటారు కొందరు. యాప్‌లో వినేదానికి నెట్ కావాలి. ఫోన్లోనే ఉండే ఎఫ్ఎం చాలావరకు ఇయర్‌ఫోన్ వైరునే ఏరియల్‌గా వాడుకుంటుంది, చాలా కొత్త ఫోన్లలో అదీ లేదు. పైగా ఆ రోజు ఫోన్ చార్జింగ్ మాట్లాడుకోవడానికి దాచుకోవాలి.

సెల్స్ సంగతి గట్టిగా చూడండి

ఇక్కడే చాలామంది తొందరపడతారు. లోపలే చార్జింగ్ బ్యాటరీ ఉండి, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, బ్లూటూత్, రంగురంగుల లైట్లు ఉన్న సెట్లు షాపుల్లో వరసగా కనిపిస్తాయి. పాటలకి బానే ఉంటాయి. కానీ వాటిలో చాలావాటికి ఎఫ్ఎం ఒక్కటే ఉంటుంది. చార్జింగ్ అయిపోతే కరెంటు వచ్చేదాకా పక్కన పడేయాల్సిందే.

మీ ఊరి కిరాణా కొట్లో ఏ సెల్స్ దొరుకుతాయో వాటితో నడిచే రేడియో కావాలి. అంటే పెన్సిల్ సెల్స్, లేదంటే టార్చిలైట్లో వేసే పెద్ద సెల్స్. పెన్సిల్ సెల్స్ తేలిక, గోడ గడియారానికీ అవే కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. పెద్ద సెల్స్ ఎక్కువ కాలం వస్తాయి, రేడియో బరువెక్కుతుంది. సెల్స్‌తోనూ నడిచి, చార్జర్‌తోనూ నడిచేది దొరికితే అంతకన్నా ఏం కావాలి?

తిప్పే హ్యాండిల్ ఉన్న సెట్లు కూడా వస్తున్నాయి. హ్యాండిల్ కాసేపు తిప్పితే కొన్ని నిమిషాలు పలుకుతుంది. సెల్స్ అన్నీ అయిపోయిన మూడో రోజున అదీ గొప్పే. కానీ హ్యాండిల్ ఒక్కదాన్నే నమ్ముకుని కొనొద్దు. పైనున్న బుల్లి సోలార్ పలక ముసురు పట్టిన రోజుల్లో ఇచ్చేది చాలా తక్కువ, మనకి అవసరం వచ్చేదేమో ఆ ముసురులోనే.

ముల్లా, అంకెలా?

ముల్లు తిప్పే పాత పద్ధతి రేడియో పెద్దవాళ్లకి సులువు. చీకట్లో చేత్తో తడిమి పెట్టేయొచ్చు, సెల్స్ కూడా తక్కువ తింటుంది. అంకెలు చూపించే రేడియోలో స్టేషన్‌ని ఒకసారి దాచుకుంటే తర్వాత బటన్ నొక్కితే చాలు, ముల్లు జరిగిపోయే బెడద ఉండదు. రెండూ మంచివే, వాడేదెవరో చూసి తీసుకోండి.

అంకెల రేడియో బయటి దేశం నుంచి వచ్చిందైతే మాత్రం ఒకటి తప్పకుండా చూడాలి. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్, అమెరికాలో 10. అమెరికా పద్ధతిలో సెట్ చేసిన రేడియో 830 నుంచి 840కి గెంతేస్తుంది, మన 837 దానికి దొరకదు. చాలా సెట్లలో 9, 10 మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. అది ఉందో లేదో అడగండి. ఎలా మార్చాలో షాపులోనే చేయించి చూడండి. అమెరికాలో ఉన్న అబ్బాయి పంపిన రేడియో మీద ‘వెదర్ బ్యాండ్’ అని ఇంకో బటన్ ఉండొచ్చు. అది అక్కడి వాతావరణ శాఖ స్టేషన్లకి పెట్టింది, ఇక్కడ దాంట్లో ఏమీ రాదు. దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

డీఆర్ఎం అనే డిజిటల్ పద్ధతిలో కూడా ఆకాశవాణి ప్రసారాలున్నాయి. దానికి వేరే సెట్టు కావాలి, ఖరీదు. ఈ అవసరానికి అక్కర్లేదు.

షాపులో ఎలా చూడాలి?

సెల్స్ మీ వెంట తీసుకెళ్లండి. కౌంటర్ మీద ట్యూబ్‌లైట్లు, చార్జర్ల మధ్య పెట్టి చూస్తే ఏ రేడియో అయినా గుయ్‌మంటుంది. ‘‘ఒక్కసారి గుమ్మం దాకా తీసుకెళ్లి చూస్తానండి’’ అని అడగండి. ‘‘మీడియం వేవ్ ఇప్పుడెవరు వింటున్నారండి, అంతా ఎఫ్ఎమ్మే కదా’’ అంటాడు షాపాయన. అన్నా సరే, గుమ్మంలో నిలబడి 837 దగ్గర పెట్టండి.

పెట్టాక రేడియోని నెమ్మదిగా చుట్టూ తిప్పండి. మీడియం వేవ్‌ని పట్టేది పైకి లాగే ఏరియల్ కాదు, లోపల రాగితీగ చుట్టిన ఒక నల్లటి కడ్డీ. సాధారణంగా అది రేడియో పొడవునా అడ్డంగా ఉంటుంది. కడ్డీ పక్క భాగం స్టేషన్ వైపు ఉన్నప్పుడు మాట గట్టిగా వస్తుంది, కడ్డీ కొన అటు తిరిగితే సన్నగిల్లిపోతుంది. విజయవాడ మనకి పడమర. అందుకని రేడియో ముఖం పడమరకో తూర్పుకో ఉంటే బాగా పలుకుతుంది, ఉత్తరానికో దక్షిణానికో తిప్పితే తగ్గుతుంది. తిప్పుతుంటే ఈ తేడా స్పష్టంగా తెలిసిందంటే లోపలి కడ్డీ పనిచేస్తున్నట్టే. జేబులో పట్టే మరీ చిన్న సెట్లలో కడ్డీ కూడా పొట్టిదే, దూరం స్టేషన్లకి అవి కాస్త వెనకబడతాయి. అరచేతి కంటే కొంచెం పెద్దది ఎంచుకోవడం మేలు. ఎఫ్ఎంకి మాత్రం ఏరియల్ పూర్తిగా లాగాలి.

తర్వాత సౌండ్ పెంచండి. రేకుల ఇంటి మీద వాన పడుతుంటే మాట వినపడాలి, సంగీతం ఎంత బాగుందన్నది తర్వాతి సంగతి. సెల్స్ మూత తీసి పెట్టి చూడండి, వదులుగా ఉంటే నాలుగు నెలల్లో దారంతో కట్టుకోవాల్సి వస్తుంది. ఇయర్‌ఫోన్ కన్నం ఉండాలి, ఇయర్‌ఫోన్‌తో వింటే సెల్స్ ఇంకా ఎక్కువ రోజులొస్తాయి. పునరావాస కేంద్రంలో పది కుటుంబాల మధ్య పడుకున్నప్పుడూ అది కావాలి. బిల్లు తీసుకోండి.

ఇంటికొచ్చాక

మెయిన్ ఆపేసి ఒకసారి, వేసి ఒకసారి విని చూడండి. ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్, ఫోన్ చార్జర్లు మీడియం వేవ్‌లో ఎంత గోల పెడతాయో అప్పుడు తెలుస్తుంది. కరెంటు పోయిన రాత్రి అదే రేడియో మరింత శుభ్రంగా వినిపిస్తుంది. డాబా ఇంటి నడిగదిలో కంటే కిటికీ దగ్గర బాగా వస్తుంది.

మన ఉప్పుగాలికి రేడియో లోపలి స్ప్రింగులకి చిలుము పట్టేస్తుంది. అయిపోయిన సెల్స్ లోపలే వదిలేస్తే కారి ఇంకా త్వరగా పాడవుతాయి. వారాల తరబడి వాడకపోతే సెల్స్ తీసి, రేడియోతో పాటే జిప్ కవర్లో పెట్టండి. రోజూ వినేదైతే ఈ బాధే లేదు. జూన్ వచ్చేసరికి ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొత్త సెల్స్ రెండు జతలు కొని పక్కన పెట్టండి. పాతవీ కొత్తవీ కలిపి వేయొద్దు.

రేడియో వెనక ఒక కాగితం అంటించండి. మీ ఇంట్లో బాగా వచ్చే స్టేషన్ల నంబర్లు, వార్తల టైములు, రాష్ట్ర కంట్రోల్ రూం 1070, జిల్లాది 1077, అత్యవసరానికి 112. వార్తల్లో వచ్చే అంకెలు కూడా రాసుకుంటే మంచిది. భద్రాచలంలో గోదావరి నీటిమట్టం 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలం నీరు మన బ్యారేజీకి చేరడానికి గంటల వ్యవధి ఉంటుంది. పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలుకోవాలన్నా, ధాన్యం మెరక మీదికి ఎక్కించాలన్నా ఆ గంటలే మన చేతిలో ఉన్నవి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఓడరేవుల్లో ఎగరేసే తుఫాను హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 8, 9, 10 అంటే అతి పెద్ద ప్రమాదం. 11 అంటే హెచ్చరికల కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని.

తుఫాను రోజుల్లో రేడియో పొద్దస్తమానం పెట్టి ఉంచకండి. వార్తల టైముకి పెట్టి, విని, కట్టేయండి. సెల్స్ చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. పొరుగింట్లోనూ రేడియో ఉంటే ఒక బులెటిన్ వాళ్లు, ఒక బులెటిన్ మీరు వినేలా అనుకోండి. సరిగ్గా పలకడం లేదని బయటి కొబ్బరిచెట్టుకి తీగ లాగి ఏరియల్‌కి కలిపినవాళ్లు ఉరుములు మొదలవకముందే ఆ తీగ విప్పి బయట పడేయాలి. పిడుగు ఆ తీగ మీదుగానే ఇంట్లోకి రాగలదు.