రుబాబ్ ఎట్ల వినాలె, యాడ మొదలుపెట్టాలె

రుబాబ్ అంటే అఫ్గానోళ్ల తీగల వాయిద్యం. యూట్యూబ్‌ల అఫ్గాన్ మ్యూజిక్ అని కొడితే ముందుగాల కీబోర్డు పెట్టిన పెండ్లి పాటలే చాన వస్తయి, అవి జరంత పక్కకు పెట్టి ఉస్తాద్ మొహమ్మద్ ఒమర్ రుబాబ్ అని కొట్టుండ్రి. 1974ల అమెరికా సియాటిల్‌ల ఆయన చేసిన కచేరీ దొరుకుతది, తబలా మీద జాకిర్ హుస్సేన్, అప్పటికి 23 ఏండ్ల పోరడు. నన్నడిగితే మొదలు ఇదే వినాలె.

ఫోన్ స్పీకర్ల మాత్రం వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండ్రి. ఎందుకంటే రుబాబ్ అందమంత సన్న తీగలల్ల ఉంటది. మల్బరీ కట్టె మొద్దును తొలిచి చేస్తరు, కింది భాగానికి మేకతోలు బిగిస్తరు, రాగం పలికేటివి మూడే తీగలు, వాటి పక్కపొంటి డజను దాక సన్న తీగలుంటయి, వాటిని ఆ రాగం స్వరాలకే శ్రుతి చేసి పెడతరు గాబట్టి పెద్ద తీగ మీటంగనే అవి వాటంతటవే మోగుతయి. అండ్ల ఒక తీగను కొంచెం ఎత్తుకు పెట్టి, రాగం నడుస్తుంటే నడుమ నడుమ దాన్ని గూడ మీటుతరు, దీన్ని పరందకారీ అంటరు. మొదటిసారి ఆ ఒక్క తీగనే పట్టుకోండ్రి, రెండోసారి రాగం వినుండ్రి. హిందుస్థానీ సంగీతంల వాయించే సరోద్ విన్నోళ్లకు ఈ గొంతు ఎరికున్నట్టే ఉంటది, సరోద్ పుట్టింది దీన్లకెళ్లే మరి.

తాళానికి బుగులు పడకుండ్రి, మొగొలి అనే 7 మాత్రల అఫ్గాన్ తాళం వస్తే తొడ మీద తకిట తకధిమి అని వేసుకుంట పోతే సరిపోతది.

ఇగ గాత్రం అంటే ఉస్తాద్ సరాహంగ్. కాబూల్ల ఖరాబాత్ అని కళాకారుల గల్లీ, 1860లల్ల అమీర్ షేర్ అలీ ఖాన్ హిందుస్థాన్‌కెళ్లి పిలిపించుకున్నోళ్ల వంశాలు ఉన్న జాగ, ఈయన ఆడికెళ్లి వచ్చి పటియాలా ఘరానా అనే హిందుస్థానీ గాత్ర సంప్రదాయంల నేర్చుకుని ఫార్సీ కవి బేదిల్ గజళ్లు పాడిండు. ఆ బేదిల్ బతికింది, పోయింది ఢిల్లీలనే. నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సుకు పోయే దోస్తు, ఉర్దూ మంచిగ వచ్చినోడు ఉంటే పక్కన కూసోపెట్టుకోండ్రి, పాడేది ఫార్సీ (పర్షియన్) అయినా చాన మాటలు పట్టేస్తడు.

ఇప్పుడు వాయించేటోళ్లల్ల కాలిఫోర్నియాల హుమాయున్ సఖీ, జర్మనీల దావూద్ ఖాన్ ఉన్నరు. 2010ల అహ్మద్ సర్మస్త్ కాబూల్ల పెట్టిన మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ పిల్లలు, తాలిబాన్ మళ్లొచ్చినంక పోర్చుగల్ పోయి అక్కడ నేర్చుకుంటున్నరు. వీళ్లని కాపీ వీడియోలల్ల కాదు, వాళ్ల సొంత ఛానెళ్లలనే చూడుండ్రి.

అఫ్గానిస్తాన్ లోపట ఉన్నోళ్ల సంగతి వేరే, 2023ల హెరాత్ల తాలిబానోళ్లు వాయిద్యాలు కుప్ప పోసి కాలబెట్టిండ్రు. అందుకే అక్కడ ఎవరన్న చాటుకు వాయించిన వీడియో మీ ఫోన్ల పడి, అండ్ల మొకం కనవడితే, ఎంత నచ్చినా సరే ఫార్వర్డ్ చెయ్యకుండ్రి.