హ్యామక్ విడిది పాఠాలు – 2: సామాను చేరేలోగా

మొదటి పాఠంలో హ్యామక్ (రెండు చెట్ల మధ్య వేలాడగట్టి పడుకునే గుడ్డ పడక), చెట్టుకు చుట్టే పట్టీలు, పైన కప్పుగా కట్టే టార్పు, దోమతెర, వీపు కింద చలిని ఆపే పరుపు అనే ఐదింటినీ ఎలా ఎంచుకోవాలో చూశాం. ఆ పాఠం చదివి ఆర్డరు పెట్టినవారికి ఈపాటికి ఎదురుచూపు మొదలై ఉంటుంది. మన ఊళ్లో దొరికేవి నాలుగు రోజుల్లో చేరవచ్చు. విదేశం నుంచి రావలసినవి కస్టమ్స్ దాటి రావడానికి వారాలు పట్టవచ్చు. ఆ వ్యవధి అంతా సామాను గురించిన వీడియోలు చూస్తూ గడిపేవారే ఎక్కువ. నన్నడిగితే, సామాను లేకుండానే నేర్చుకోగలిగిన పని ఒకటుంది, అదే అన్నిటికన్నా ముఖ్యమైనది. హ్యామక్‌లో నిద్ర పట్టేదీ పట్టనిదీ గుడ్డ ఖరీదును బట్టి కాదు, దానిని ఎంత వదులుగా కట్టామన్న దానిని బట్టి తేలుతుంది. ఈ పాఠమంతా ఆ వదులు గురించే.

వదులు ఎందుకు

మొదటిసారి కట్టేవారు దాదాపు అందరూ గుడ్డను వీలైనంత బిగించి లాగుతారు. బిగిస్తే పడక చదునుగా ఉంటుందనీ, వదిలేస్తే నడుము వంగిపోతుందనీ వారి ఊహ. జరిగేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. బిగించిన గుడ్డలో మనిషి పడుకోగానే రెండు అంచులూ గోడల్లా పైకి లేచి భుజాలను లోపలికి నొక్కుతాయి, పక్కకు తిరిగే చోటు ఉండదు, పైగా కాస్త అటూ ఇటూ కదిలితే బోర్లా పడేసే ప్రమాదం ఉంటుంది. వదులుగా వేలాడే గుడ్డలో మాత్రం అడ్డంగా విస్తరించడానికి కావలసినంత గుడ్డ మిగులుతుంది. అందులో పొడవు వెంబడి కాకుండా కర్ణం వెంబడి, అంటే తల మధ్యగీతకు ఒక పక్కకూ కాళ్లు రెండో పక్కకూ జరిపి పడుకుంటే, వీపు కింద గుడ్డ చాలా వరకు సమతలంగా పరుచుకుంటుంది. 1492లో కొలంబస్ బహామా దీవుల్లో దిగినప్పుడు అక్కడివారు నూలు వలల్లో పడుకోవడం చూసి తన దినచర్యలో రాసుకున్నాడు. మెక్సికోలోని యుకటాన్‌లో ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో మంచానికి బదులు హ్యామక్‌లే ఉంటాయి; అక్కడివారు అందులో ఏటవాలుగానో అడ్డంగానో పడుకుంటారు తప్ప నిలువునా కాదు.

మన ఇళ్లలో పసిబిడ్డకు కట్టే చీర ఉయ్యాల అనుభవం ఇక్కడ కొంత దారి తప్పిస్తుంది. చీర ఉయ్యాలకు రెండు కొసలూ ఒకే దూలానికి దగ్గర దగ్గరగా పైకి పోతాయి, కాబట్టి ఒక్కో కొస మీద సుమారుగా సగం బరువే పడుతుంది. హ్యామక్ అలా కాదు; రెండు కొసలూ చెరొక పక్కకు లాగుతాయి. ఆ లాగుడు ఎంత అన్నది తాడు నేలకు సమాంతరమైన గీతతో చేసే కోణాన్ని బట్టి ఉంటుంది. డెబ్భై కిలోల మనిషి పడుకున్నప్పుడు ఆ కోణం 30 డిగ్రీలైతే ఒక్కో వైపు తాడు మీద పడే లాగుడు సరిగ్గా ఆ మనిషి బరువంత, అంటే 70 కిలోలంత. కోణం 15 డిగ్రీలకు తగ్గితే అది దాదాపు 135 కిలోలవుతుంది. 10 డిగ్రీలకు 200 కిలోలు దాటుతుంది. 5 డిగ్రీలకు 400 కిలోలు. అందువల్ల బిగించి కట్టడం సుఖానికి మాత్రమే కాదు, తాడుకూ చెట్టుకూ కూడా చేటు. ప్రపంచమంతటా హ్యామక్ వాడేవారు 30 డిగ్రీలను కొలబద్దగా పెట్టుకోవడానికి కారణం ఇదే.

డాబా మీద ప్రయత్నించాలనుకునేవారికి ఒక గట్టి హెచ్చరిక. పిట్టగోడకు, ఇటుకలతో కట్టిన విడి స్తంభానికి, నీళ్ల ట్యాంకు కాళ్లకు, మెట్ల రెయిలింగుకు హ్యామక్ కట్టకూడదు. అవి పైనుంచి పడే బరువు మోయడానికి కట్టినవే గానీ పక్కకు లాగే బలాన్ని తట్టుకోవడానికి కట్టినవి కావు. ఇటుక స్తంభం కూలి మీద పడి హ్యామక్‌లో ఉన్నవారు ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు వివిధ దేశాల్లో జరిగాయి. సరైన చెట్లు దొరకకపోతే ఈ వారం ముడులు మాత్రమే అభ్యసించి, పడుకోవడం వాయిదా వేయడం మేలు.

అభ్యాసానికి గుడ్డ

బట్టల దుకాణంలో మీటరు లెక్కన అమ్మే గట్టి నూలు దుప్పటి గుడ్డను, కనీసం 150 సెంటీమీటర్ల పన్నా ఉన్నదానిని, 4 మీటర్లు కొనండి. ఇంట్లో ఉన్న డబుల్ కాట్ దుప్పటి చాలదా అని అడుగుతారు. దాని పొడవు సుమారు రెండున్నర మీటర్లే కాబట్టి కూర్చోవడానికి సరిపోతుంది, పడుకోవడానికి సరిపోదు. పాత చీర అసలు వద్దు, ఎన్నోసార్లు ఉతికిన నూలు ఎక్కడ చిరుగుతుందో ముందుగా తెలియదు. నూలు గుడ్డ తడిస్తే బరువెక్కి, ఆరడానికి చాలా సేపు పడుతుంది కాబట్టి దీనిని అడవికి తీసుకుపోయే ఉద్దేశం పెట్టుకోకండి. నేర్చుకోవడం అయిపోయాక మళ్లీ దుప్పటిగా మారిపోతుంది.

గుడ్డ రెండు చివరలా చీరకు పెట్టినట్టే సన్నగా, సమానంగా కుచ్చిళ్లు పెట్టి, ఆ కట్టను అలాగే పట్టుకొని కొసకు దగ్గరగా ఒక గట్టి ముడి వేయండి. తాడుతో వేసిన ఉచ్చు ఈ ముడికి లోపలి వైపున, అంటే గుడ్డ వైపున కూర్చోవాలి. అప్పుడు ఎంత బరువు పడినా ముడి అడ్డుపడి ఉచ్చు జారిపోదు. కుచ్చిళ్లు పెట్టకుండా గుడ్డను పోగుచేసి ముడి వేస్తే ఒక అంచు బిగిసి ఇంకొక అంచు వేలాడుతుంది, ఆ తేడా పడుకున్నప్పుడు మోకాలి కింద గట్టి మడతగా తగులుతుంది. రెండు ముడులూ వేశాక పడకకు మిగిలేది దాదాపు 3.4 మీటర్లు. మీ ముడులు ఎంత గుడ్డను తిన్నాయో బట్టి ఇది మారుతుంది, టేపుతో కొలిచి రాసుకోండి.

ఇప్పుడు ఒక ముఖ్యమైన తాడు. ఒక చివరి ఉచ్చు నుంచి రెండో చివరి ఉచ్చు వరకు, గుడ్డకు పైన, తిన్నగా ఒక సన్నని పాలిస్టరు తాడు కట్టాలి. దీనిని రిడ్జ్‌లైన్ అంటారు. దీని పొడవు హ్యామక్ పొడవులో 83 శాతం ఉండాలి, 3.4 మీటర్ల గుడ్డకు సుమారు 2.8 మీటర్లు. చెట్లు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా ఈ తాడు పొడవు మారదు కాబట్టి గుడ్డ వదులు కూడా మారదు. ఒకసారి మీకు నప్పిన పడక దొరికితే ప్రతి రాత్రీ అదే పడక దొరుకుతుంది. అయితే ఇది ఉంది కదా అని పక్క తాళ్లను బిగిస్తే ఆ బరువంతా ఈ సన్నని తాడు మీద పడుతుంది. మనిషి లోపల ఉండగా దీనిని రెండు వేళ్ల మధ్య పట్టుకొని వంచితే కొద్దిగా వంగాలి. ఇనుప కమ్మీలా బిగుసుకొని ఉంటే పక్క తాళ్లను వదలాలి.

కోణం కొలవడం

పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని ఇందుకు చాలు. మధ్య రంధ్రంలో దారం దూర్చి, దాని కొసకు ఒక నట్టు కట్టండి. వంపు భాగం కిందికి ఉండేలా తిప్పి, చదునైన అంచును చెట్టు నుంచి వచ్చే తాడుకు ఆనించండి. తాడు నేలకు సమాంతరంగా ఉంటే దారం 90 మీద వేలాడుతుంది. 60 మీదనో 120 మీదనో నిలిస్తే తాడు 30 డిగ్రీల వాలులో ఉన్నట్టు. ఖాళీ హ్యామక్‌తో చూసింది తుది లెక్క కాదు, ఎందుకంటే మనిషి పడుకున్నాక తాడు సాగుతుంది, ముడులు కుదురుకుంటాయి. ఒకరు పడుకొని ఉండగా ఇంకొకరు కొలవాలి.

చెట్ల మధ్య దూరం 12 నుంచి 15 అడుగులు ఉంటే సౌకర్యంగా ఉంటుంది. 15 అడుగుల దూరానికి తాడును చెట్టు మీద దాదాపు ఆరడుగుల ఎత్తున, 12 అడుగుల దూరానికి సుమారు ఐదడుగుల ఎత్తున కట్టి మొదలుపెట్టండి. కూర్చున్నప్పుడు పిరుదులు కుర్చీ ఎత్తున, అంటే నేలకు 45 సెంటీమీటర్లు పైన నిలవాలి. అంతకన్నా ఎత్తు వద్దు. కాళ్ల వైపు కొసను తల వైపు కన్నా ఒక జానెడు ఎత్తుగా కడితే రాత్రి శరీరం కాళ్ల వైపు జారిపోదు. సరిచేయాల్సి వచ్చిన ప్రతిసారీ ఎత్తునో పొడవునో ఏదో ఒకటే మార్చండి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

తాళ్లూ ముడులూ

కొన్న పట్టీలు వచ్చేవరకు చెట్టు బెరడును కాపాడడానికి మన నవారు మంచం పట్టీ చక్కగా పనికొస్తుంది. నవారును చెట్టు చుట్టూ రెండు చుట్లు చుట్టి, దాని మీద నుంచి తాడు తిప్పండి. బరువు మోసేది తాడే, నవారు పని బెరడు కోసుకుపోకుండా చూడడం వరకే. బరువు మోసే తాడు కనీసం 10 మిల్లీమీటర్ల మందం ఉన్న కొత్త పాలిస్టరు తాడై ఉండాలి. నైలాన్ తాడు గట్టిదే, కానీ సాగుతుంది. ఎత్తుగా కట్టుకొని పడుకున్నవారు తెల్లవారేసరికి నేలను తాకుతారు. ఎండలో బట్టలు ఆరేసే నీలం, పసుపు రంగు ప్లాస్టిక్ తాళ్లు ఎండకు పెళుసెక్కుతాయి, ముడి కూడా నిలవదు. వాటి జోలికి పోకండి.

తాడును చెట్టు చుట్టూ రెండు చుట్లు తిప్పితే లాగుడులో చాలా భాగం రాపిడికే పోతుంది, మిగిలినది పట్టుకోవడానికి రెండు సగం ముడులు (కొసను తాడు చుట్టూ ఒకసారి తిప్పి, ఏర్పడిన సందులోంచి లాగేవి) చాలు. రెండో ముడి వేసేటప్పుడు కొసను పూర్తిగా లాగకుండా మడతగా దూర్చి బిగించండి. విప్పాలనుకున్నప్పుడు ఆ కొసను ఒక్క గుంజు గుంజితే ఊడిపోతుంది. చీకట్లో, తడిచేతులతో విప్పవలసి వచ్చినప్పుడు ఈ మడత విలువ తెలుస్తుంది. కళ్లు మూసుకొని వేయగలిగే వరకు కుర్చీ కాలికో కిటికీ ఊచకో సాధన చేయండి.

రెండో ముడి టార్పు కోసం. లారీ లోడు మీద టార్పాలిన్ బిగించే క్లీనర్ల చేతులను ఒకసారి గమనించండి: తాడు మధ్యలో జారుముడితో చిన్న ఉచ్చు వేసి, కొసను కింద కొక్కేనికి తగిలించి పైకి తెచ్చి, ఆ ఉచ్చులో దూర్చి వెనక్కి లాగుతారు. కప్పీతో లాగినట్టు మన బలం పెరుగుతుంది, తాడు బిగుసుకుంటుంది. ఇదే పద్ధతిలో రెండు చెట్ల మధ్య టార్పు తాడును కట్టాలి. ఈ ముడి టార్పుకే పరిమితం; హ్యామక్‌కు వాడితే మనకు తెలియకుండానే అది 10 డిగ్రీలకు బిగిసిపోతుంది.

మూడోది ప్రూసిక్. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో దీనిని వెలుగులోకి తెచ్చాడు. సన్నని తాడుతో చేసిన ఉచ్చును లావు తాడు చుట్టూ మూడుసార్లు తిప్పి దానిలోంచే లాగితే, చేత్తో జరిపినప్పుడు జరుగుతుంది, బరువు పడినప్పుడు కరచుకుంటుంది. టార్పు రెండు కొసలనూ దీనితో తాడుకు తగిలిస్తే, కప్పును హ్యామక్‌కు సరిగ్గా మధ్యకు తేవడానికి ఏ ముడీ విప్పనక్కరలేదు. ఉచ్చు తాడు ప్రధాన తాడు కన్నా సన్నగా ఉండకపోతే ఇది పట్టదు.

టార్పు రాకముందు సాధనకు పాత ఫ్లెక్సీ ఒకటి సంపాదించండి. మన ఊళ్లలో దీనికి కరువు లేదు. మూలలకు రంధ్రాలు పొడవకండి, చిరిగిపోతాయి. గోలీ అంత గులకరాయిని మూలలో పెట్టి, దాని చుట్టూ ఫ్లెక్సీని మడిచి, మెడ దగ్గర తాడు బిగిస్తే రాయే గుండీలా పట్టుకుంటుంది. హ్యామక్ కొసలను దాటి రెండు వైపులా కనీసం అరడుగు కప్పు ఉండాలి. చెట్టు మీద పడిన వాన తాడు వెంబడే పారి పడకలోకి వస్తుంది కాబట్టి కప్పు కిందికి వచ్చాక తాడుకు ఒక నూలు పీలిక కట్టి వేలాడదీయండి. నీరు దాని మీదుగా నేలకు కారిపోతుంది. ఒక బిందెడు నీళ్లు తాడు కట్టిన చోటుకు పైన చెట్టు మీద పోసి చూస్తే వాన వచ్చేదాకా ఆగనక్కరలేదు.

చెట్లు

పచ్చిగా ఉన్న, కనీసం 20 సెంటీమీటర్ల మందం గల చెట్టు కావాలి. మునగ ఎంత లావైనా వద్దు, దాని పెళుసుతనం మనకు తెలిసిందే. కొబ్బరి కింద కాయలూ మట్టలూ పడతాయి. మామిడి మంచిదే, అయితే ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు తాడు వెంబడే దిగివస్తాయి; ముందు పైకి చూడండి. చింత కింద పడుకోవద్దని పెద్దలు చెబుతారు, ఆ నమ్మకం సంగతి మీ ఇష్టం, కొమ్మ బలానికి మాత్రం వంక లేదు. ఏ చెట్టయినా, నీడ ఉన్నా లేకున్నా, పైన ఎండుకొమ్మో తేనెపట్టో వేలాడుతూ ఉంటే వేరే చోటు వెతకండి. సాధనకు సొంత తోటో తెలిసినవారి పొలమో చాలు. అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం వంటి పులుల అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ప్రవేశించడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మొదటిసారి ఎక్కేటప్పుడు ముందు రెండు చేతులతో గుడ్డను కిందికి నొక్కండి, తరువాత నెమ్మదిగా కూర్చోండి, తాడూ చెట్టూ కుదురుగా ఉన్నాయని చూశాకే కాళ్లు పైకి తీసుకోండి. కింద రాయో మోడో ఉండకూడదు. ఏటవాలుగా పడుకొని ఒక మధ్యాహ్నం గంటసేపు నిద్రపోండి. మోకాళ్లు వెనక్కి వంగినట్టు నొప్పిస్తే గుడ్డ బిగువుగా ఉన్నట్టు. గడ్డం ఛాతీకి తగులుతుంటే మరీ వదులైనట్టు. రిడ్జ్‌లైన్‌ను బెత్తెడు చొప్పున పెంచుతూ తగ్గిస్తూ మీకు నప్పిన పొడవు పట్టుకొని, ఆ అంకెను కోణంతో, చెట్ల దూరంతో పాటు నోటు పుస్తకంలో రాయండి. లంబసింగి చలిలో వీపు కింద గాలి ఎలా కోసుకుపోతుందో, దానికి ఏ మందం పరుపు కావాలో వచ్చే పాఠంలో లెక్క వేస్తాం. ఆ లెక్కకు మీ హ్యామక్ ఎంత లోతుగా వేలాడుతుందో తెలియాలి, అది ఈ అంకెల నుంచే వస్తుంది.