ఇంటి నుంచి పని వెతుక్కుంటున్నారా? డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోందో చూడండి

ముందు "వర్క్ ఫ్రమ్ హోమ్ జాబ్స్" అని వెతకడం మానేయండి. ఆ మాట ఎక్కడ కూర్చుని పని చేస్తారో చెబుతుంది గానీ ఏం పని చేస్తారో చెప్పదు, అందుకే మోసగాళ్లకు అది బాగా పనికొస్తుంది. మీకు వచ్చిన పని పేరుతో వెతకండి: అకౌంట్స్, కస్టమర్ సపోర్ట్, అనువాదం, సబ్‌టైటిల్స్, మెడికల్ కోడింగ్, ఏదైనా సరే. లింక్డ్‌ఇన్‌లో అయితే దానికి 'రిమోట్' ఫిల్టర్ పెట్టుకోవచ్చు. వి వర్క్ రిమోట్లీ లాంటి సైట్లు ఇలాంటి ఉద్యోగాల కోసమే ఉన్నాయి.

ఎంత మంచి సైట్‌లోకైనా దొంగ ప్రకటనలు దూరుతూనే ఉంటాయి. అందుకే ఉద్యోగం నచ్చగానే అప్లై చేసేయకుండా, ఆ కంపెనీ వెబ్‌సైట్ మీరే వెతికి తెరిచి, కెరీర్స్ పేజీలో అదే ఉద్యోగం ఉందో లేదో చూసుకోండి. వాళ్లు పంపిన లింక్ నొక్కి చూస్తే చూసినట్టు కాదు. మెయిల్ అడ్రస్‌లో '@' తర్వాత ఉన్న పేరును అక్షరం అక్షరం చదవండి, ఒక్క అక్షరం తేడాతో నకిలీ పేర్లు పెడతారు. ఇంటర్వ్యూ అంతా చాట్‌లోనే ముగించి, మొహం చూపించకుండా, గొంతు వినిపించకుండా గంటలో ఆఫర్ లెటర్ పంపితే అది ఉద్యోగం కాదు.

ఇక టాస్క్ మోసం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జాగ్రత్తపరులు కూడా ఇందులో పడుతున్నారు. అమెరికాలో వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీకి 2020లో ఇలాంటి ఫిర్యాదు ఒక్కటీ లేదు, 2024 మొదటి ఆరు నెలల్లోనే దాదాపు 20,000 వచ్చాయి. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో తెలియని నంబర్ నుంచి మెసేజ్ వస్తుంది, వీడియోలకు లైక్ కొట్టాలి లేదా హోటళ్లకు రేటింగ్ ఇవ్వాలి అంటారు. చేస్తే కొద్దిగా డబ్బు నిజంగానే ఇస్తారు. మన అనుమానమంతా అక్కడే పోతుంది. తర్వాత గ్రూప్‌లో చేరుస్తారు, అందులో అందరూ తమకెంత వచ్చిందో స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు, వాళ్లూ ఆ ముఠా మనుషులే కావచ్చు. ఆ పైన "తర్వాతి టాస్క్ తెరుచుకోవాలంటే కొంత డిపాజిట్ చేయాలి" అంటారు. యాప్‌లో మీ బ్యాలెన్స్ పెరుగుతూ కనిపిస్తుంది గానీ అది తెర మీద అంకె మాత్రమే, తీసుకోబోతే ట్యాక్స్ కట్టమంటారు, అది కడితే ఇంకోటి. మొదట చేతికొచ్చిన ఆ కాస్త డబ్బు నమ్మకానికి రుజువు కాదు, ఎర. దయచేసి ఇది ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి.

రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, ల్యాప్‌టాప్ ఇలా ఏ పేరుతో అడిగినా ఉద్యోగం కోసం డబ్బు కట్టకండి. అయితే ఒక తేడా ఉంది: ఫ్లెక్స్‌జాబ్స్ అనే సైట్ ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ల దగ్గర చందా తీసుకుంటుంది, ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైట్‌లో క్లయింట్‌కి ప్రపోజల్ పంపడానికి 'కనెక్ట్స్' అనే, డబ్బుతో కొనుక్కునే టోకెన్లు ఖర్చవుతాయి. అవి సైట్ వాడుకున్నందుకు ఇచ్చే ఫీజులు, ఉద్యోగానికి పెట్టే డిపాజిట్లు కావు. అప్‌వర్క్‌లో క్లయింట్ "బయట మాట్లాడుకుందాం, డబ్బు నేరుగా ఇస్తా" అంటే ఒప్పుకోకండి, బయటికి వెళ్తే ఆ సైట్ ఇచ్చే పేమెంట్ రక్షణ పోతుంది.

మీ ఖాతాలో డబ్బు వేయించుకుని ఇంకొకరికి పంపే 'ఉద్యోగం' అసలే వద్దు. అది దొంగడబ్బు కావచ్చు, కేసు మాత్రం ఖాతా ఎవరిదో వాళ్ల మీదికొస్తుంది. ఓటీపీ చెప్పమన్నా, ఫోన్ స్క్రీన్ షేర్ చేయమన్నా అక్కడితో ఆపేయండి.

ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే బ్యాంకుకి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది. చాట్లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. కొన్నాళ్లకి "మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఎవరో ఫోన్ చేస్తారు, వాళ్లకి కూడా ఏమీ పంపకండి.