పైలట్లు - మద్యం నిబంధనలు, 4వ పాఠం: పన్నెండు గంటల మాయ

పోయినసారి ఇచ్చిన లెక్కలో చాలామంది బోల్తా పడ్డారు. మిర్యాలగూడలో దావత్, రాత్రి 9కి గ్లాసు కింద పెట్టిన కోపైలట్, పొద్దున 9:30కి శంషాబాద్‌లో ఫ్లైట్. "పన్నెండున్నర గంటలైంది, ఎక్కొచ్చు" అని జవాబు. అందుకే ఇవాళ అనుకున్న పాఠం పక్కనపెట్టి ఇదే తవ్వుదాం.

మన దేశపు 1937 విమాన నియమాల్లో 24వది రెండు షరతులు పెడుతుంది. ఫ్లైట్‌కు ముందు 12 గంటల్లో మద్యం ముట్టొద్దు. ఊపిరిలో, రక్తంలో, మూత్రంలో ఆనవాలే దొరకొద్దు. మీరు మొదటిది చదివి పుస్తకం మూసేశారు. గడియారం ఒప్పుకున్నా, ఊపిరి ఊది చూసే యంత్రం ఒప్పుకోవాలి కదా!

ఆ కోపైలట్ తాగింది ఒక క్వార్టర్ విస్కీ అనుకుందాం. క్వార్టర్ అంటే 180 మి.లీ., విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. 180 × 0.428 × 0.789 (ఒక మి.లీ. ఆల్కహాల్ బరువు, గ్రాముల్లో) = సుమారు 61 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగమనిషిలో 61 ÷ (70 × 0.68) = 1.28 (0.68 అంటే మగవాళ్ల ఒంట్లో ఆల్కహాల్ పరుచుకునే వంతు), అంటే 100 మి.లీ. రక్తానికి 128 మిల్లీగ్రాములు. గంటకు 15 మిల్లీగ్రాములు తగ్గుతాయనుకుంటే సున్నాకు రావడానికి ఎనిమిదిన్నర గంటలు. ఒళ్లు మెల్లగా, గంటకు 10 చొప్పున తగ్గించే మనిషైతే దాదాపు 13. దానికి తోడు 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు (8 శాతం, 41 గ్రాములు) పడిందా? మొత్తం 214. గంటకు 15 చొప్పున పన్నెండు గంటల్లో పోయేది 180, మిగిలేది 34. బండి నడిపేవాళ్లకున్న 30 హద్దు కూడా దాటింది! నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం ఈ అంకెను కదపవు. కల్లు లెక్క నేను ఇవ్వను. పొద్దుటి కల్లు, సాయంత్రం కల్లు ఒకటి కావు. నా మట్టుకు ఫ్లైట్ ముందురోజు ముట్టకపోవడమే సులువైన లెక్క.

ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడొద్దు. యంత్రం పట్టుకుంటే మొదటిసారి లైసెన్సు 3 నెలలు, రెండోసారి 3 ఏళ్లు సస్పెండ్, మూడోసారి రద్దు. ఊదనంటే పట్టుబడినట్టే లెక్క.

పైలట్లకు అమెరికాలో హద్దు 8 గంటలు, రక్తంలో 0.04 శాతం. బ్రిటన్‌లో 100 మి.లీ. రక్తానికి 20 మిల్లీగ్రాములు. వీటిని మన 12 గంటలతో కలపకండి.

అభ్యాసం: 58 కిలోల మగమనిషి, రాత్రి 8కి విస్కీ హాఫ్ (375 మి.లీ.) ముగించాడు. గంటకు 15, గంటకు 10 చొప్పున రెండు లెక్కలూ వేసి, సున్నా ఎప్పుడో చెప్పండి. మర్నాడు మధ్యాహ్నం 2కి ఆ మనిషి రక్తంలో ఎంతుంటుందో కూడా రాయాలి.