కౌన్సెలర్ చదువుకు టెక్సస్ వస్తున్న నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు

మన వైపు కౌన్సెలింగ్ అనగానే ఎంసెట్ సీట్లు గుర్తుకొస్తాయి, లేదంటే పోలీస్ స్టేషన్‌లో భార్యాభర్తలను కూర్చోబెట్టి సర్దిచెప్పడం. నేను దేవరకొండ నుంచి బయలుదేరిన రోజు మా మేనమామ కూడా సీటు ఏ రౌండులో వచ్చిందనే అడిగారు. మీరిక్కడ చదవబోయేది మానసిక బాధలో ఉన్నవారికి మాటల ద్వారా చికిత్స చేసే వృత్తి. దానికి లైసెన్సు ఇచ్చేది అమెరికా కేంద్ర ప్రభుత్వం కాదు, ఒక్కో రాష్ట్రం. టెక్సస్‌లో ఎల్‌పీసీ అనే లైసెన్సును న్యూయార్క్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ అంటారు, నిబంధనలూ వేరు. అందువల్ల ఏ రాష్ట్రంలో స్థిరపడతారో ఆలోచించుకుని, సీఏసీఆర్‌ఈపీ (కౌన్సెలింగ్ కోర్సుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న 60 క్రెడిట్ల కోర్సునే ఎంచుకోండి.

ఫీజు కంటే ముందు గంటల లెక్క చూసుకోవాలి. చాలామంది దెబ్బతినేది అక్కడే. కోర్సులో భాగంగా 100 గంటల ప్రాక్టికమ్ (ఇంటర్న్‌షిప్‌కు ముందు పర్యవేక్షణలో చేసే తొలి అభ్యాసం), 600 గంటల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. ఇంటర్న్‌షిప్‌లో 240 గంటలు నేరుగా క్లయింట్లతో గడపాలి. వారానికి 20 గంటల చొప్పున రెండు సెమిస్టర్లు పడుతుంది, చాలాచోట్ల జీతం ఉండదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టే ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే) అనుమతి నమోదైన కొత్త ఐ-20 (విద్యార్థి హోదా పత్రం) తీసుకోవాలి. వారానికి 20 గంటలు దాటని సీపీటీ వల్ల, చదువు అయ్యాక పనిచేసేందుకు ఇచ్చే ఓపీటీ అనుమతికి నష్టం లేదు. అంతకు మించి పూర్తికాలపు సీపీటీ 12 నెలలు వాడితే మాత్రం ఓపీటీ పోతుంది.

డిగ్రీ చేతికొచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. టెక్సస్‌లో పరీక్షలు ఉత్తీర్ణులై అసోసియేట్ లైసెన్సు పొందినవారు, కనీసం 18 నెలల పాటు, పర్యవేక్షణలో 3000 గంటలు పనిచేస్తేనే పూర్తి లైసెన్సు వస్తుంది. ఓపీటీ చూస్తే 12 నెలలే, పైగా ఈ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు కనుక సాఫ్ట్‌వేర్ చదివిన మీ మిత్రుల మాదిరిగా మరో 24 నెలల పొడిగింపు దొరకదు. ఆ మిగిలిన కాలాన్ని దాటించే దారి హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీ అవసరం లేని విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రాల్లోనో, అటువంటి సంస్థల్లోనో దొరకవచ్చు; చివరి సెమిస్టర్ దాకా ఆగకుండా మొదటి ఏడాదే అక్కడివారితో పరిచయం పెంచుకోండి.

టెక్సస్‌లో చాలా ఊళ్లలో కారు లేకుండా ఇంటర్న్‌షిప్‌కు వెళ్లడం కష్టం.

తరగతిలో మనవారికి అలవాటు పడటానికి సమయం పట్టేది వినడం దగ్గరే. ఎవరైనా బాధపడుతుంటే "రంది పెట్టుకోకు" అని ధైర్యం చెప్పడం మన సంస్కారం. నేనూ మొదటి అభ్యాస సెషన్‌లో, క్లయింటు పాత్ర వేసిన సహవిద్యార్థిని మాట పూర్తి కాకముందే, అంతా సర్దుకుంటుంది, ముందు ఇంటికి ఫోన్ చేయండని సలహా ఇచ్చేశాను. తర్వాత వీడియో చూపిస్తూ మా ప్రొఫెసర్ ఒకచోట ఆపి, ఆమె చేతిలోని కాగితాన్ని ఎప్పటి నుంచి నలుపుతోందో గమనించారా అని అడిగారు. రెండో నిమిషం నుంచే నలుపుతోంది, నేను చూడలేదు.

అయితే మన మాటను ఇక్కడ వదులుకోనక్కరలేదు. మన ఊళ్ల పెద్దవారు డిప్రెషన్ అనరు. రంది పట్టుకుందని, పానం మంచిగ లేదని అంటారు. అలాంటి క్లయింటు ఎదురైతే నోట్సులో ఆ మాటను ఆమె అన్నట్టే రాసుకుని, పక్కన అర్థం రాయండి. రంది అనే మాటలో దిగులు, బెంగ, ఎడతెగని ఆలోచన మూడూ ఉన్నాయని మా సూపర్‌వైజర్‌కు చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.