బడ్లియా నాటే ముందు ఒక్క గుంత తవ్వి చూడండి

బడ్లియా అనే పూలపొద ఒకరి దగ్గర గోడ పగుళ్లలో కూడా విరగబూస్తుంది, ఇంకొకరి దగ్గర బోలెడు ఎరువు వేసినా ఏడాది తిరక్కుండానే చచ్చిపోతుంది. చాలాసార్లు తేడా అంతా మట్టిలోనే ఉంటుంది. ఎక్కువమంది పెంచే డేవిడీ రకం చైనా కొండల మొక్క కదా, రాళ్లూ సున్నమూ కలిసిన నేలంటే దానికి ప్రాణం, అదే బంకమట్టిలో చలికాలమంతా వేళ్లు నానుతూ ఉంటే కుళ్లిపోతాయి. అందుకే నాటే ముందు అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి, మర్నాటికీ అడుగున నీళ్లు కనిపిస్తే అక్కడ మట్టిని గట్టులా ఎత్తుగా పోసి దాని మీద నాటండి. ఎరువు మాత్రం దయచేసి తగ్గించండి, ఎక్కువైతే ఆకులే ఆకులు.

గడ్డకట్టే చలికి కొమ్మలన్నీ ఎండిపోయాయని పీకి పారేయకండి! మొదలు దగ్గర బెరడు గోటితో గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు. డేవిడీ రకం కొత్త కొమ్మలకే పూస్తుంది కాబట్టి వసంతం మొదట్లో రెండడుగులకు కత్తిరించేయొచ్చు. గ్లోబోసా రకాన్ని మాత్రం అలా కొట్టేయకండి, అది పాత కొమ్మలకు పూస్తుంది. బాగా వేడిగా ఉండే చోటైతే ఏషియాటికా నయం. వాడిన పూలగుత్తులు వెంటనే తుంచేయండి, బ్రిటన్, న్యూజిలాండ్‌లలో డేవిడీ గింజలు ఎగిరిపడి కలుపులా పాకిపోయింది.